చివరిదాకా కాలిన చుట్ట

నా చిన్నప్పుడు మా ఇంట్లో చుట్ట వాసన వచ్చిందంటే అందరికీ గుండె జారిపోయేది. ఎందుకంటే ఆ ఇంట్లో చుట్ట తాగే మనిషి మా తాత ఒక్కడే. ఆయన పోయి అప్పటికి రెండు మూడేళ్ళు దాటింది.

మాది పెనుకొండకూ హిందూపురానికీ మధ్య రోడ్డు పక్కన ఉన్న మెట్ట ఊరు. వేరుశనగ, కందులు, గొర్రెలు, అంతే మా బతుకు. మా తాత కోపిష్టి. ఆయన దగ్గితే ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చేసేవి కావని మా అమ్మ ఇప్పటికీ చెప్పుకునేదేమో, ఉండుంటే. ఆ కోపం ఎంతో చుట్ట మీద ఇష్టం అంత. అయితే ఏది పడితే అది తాగేవాడు కాదు. కొత్తగా చుట్టింది తాగితే గొంతు గీరుకుపోతుందనేవాడు. ఏడాదో రెండేళ్ళో కుండలో పడుకుని లేచిన చుట్టే ఆయనకు చుట్ట.

ఆయన పోయిన రోజు మా సీమలో ఎన్నడూ చూడని వాన. వంక పొంగి దారి తెగింది. జ్వరంలో మంచం పట్టిన తాత పాత చుట్ట కావాలన్నాడు. ఇంట్లో ఒక్కటీ లేదు, పెనుకొండకు పోయే వీలు లేదు. మా అవ్వ ఊరి అంగట్లో ఉన్నదేదో తెప్పించి, ముట్టించి ఆయన నోట్లో పెట్టింది. వానకు చెమ్మెక్కిన కొత్త చుట్ట. ఒక్క దమ్ము లాగాడో లేదో ఆరిపోయింది. ఆయన దాన్ని మంచం పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ ఇటు తిరగలేదు.

ఆ ఆరిపోయిన చుట్ట మా అవ్వ కడుపులో ముల్లయి కూర్చుంది. అప్పటి నుంచి అమావాస్యకు పెద్దలకు కూడు పెట్టినప్పుడల్లా విస్తరి పక్కన ఒక ఇటుక పెట్టి, దాని మీద నిప్పు తగిలించిన చుట్ట ఒకటి ఉంచేది. ఎవరూ నోట పెట్టకుండా అది తనంతట తాను చివరిదాకా కాలితే తాత తాగినట్టు. మధ్యలో ఆరితే వద్దని తోసేసినట్టు. ఊర్లో ఇంకెవరింట్లోనూ ఇట్లాంటి పద్ధతి లేదు, ఇది మా అవ్వ భయంలోంచి పుట్టింది. ఊరి అంగట్లో దొరికిందే తెచ్చి పెట్టేది, ప్రతిసారీ అది మధ్యలోనే ఆరేది. ఆరిన తర్వాత ఇంట్లో ఏదో ఒకటి జరిగేది. ఒకసారి ఎద్దు కుంటిదయింది. ఒకసారి బావి ఎండింది. మెట్ట ఊర్లో బావి ఎండడానికి తాత కోపం అక్కర్లేదు, ఎండ చాలు. కానీ ఆ మాట అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికుంది?

వీటన్నిటికంటే నన్ను వణికించింది ఆ వాసన. ఏడాదంతా ఉండదు. చలి మొదలైతే చాలు, పడమటింట్లో ఒక మూల నుంచి కాలిన చుట్ట వాసన సన్నగా వచ్చేది. మా అవ్వ మాట్లాడుతున్నదల్లా ఆగి, ముక్కుపుటాలు ఎగరేసి, లెంపలు వేసుకునేది. నేను అమ్మ కొంగులో తల దూర్చేదాన్ని.

ఇక్కడ ఇంకొక మనిషి సంగతి చెప్పాలి. పెనుకొండలో కోటగోడను ఆనుకున్న సందులో చుట్టలు చుట్టి అమ్మే సాయిబు ఒకాయన ఉండేవాడు. మా అమ్మను అక్కా అనీ, తాతను మామా అనీ, అవ్వను అత్తా అనీ పిలిచేవాడు కాబట్టి నాకు మామ. తాత చుట్టలన్నీ ఆయన దగ్గరివే. తాత బతికున్నప్పుడు సంత రోజు నన్ను వెంట తీసుకుపోయేవాడు. వాళ్ళిద్దరూ పొగాకు మాటల్లో పడితే నాకు పొద్దు పోదని మామ నాకొక ఆట నేర్పాడు. కళ్ళు మూసుకోమని, ముక్కు కింద ఒకదాని తర్వాత ఒకటి చుట్టలు పెట్టి, ఏది కొత్తది, ఏది పాతది అని అడిగేవాడు.

కొత్త చుట్టలో గొర్రెల దొడ్డి వాసన ఉంటుంది. పొద్దున్నే దొడ్డి తడిక తీస్తే ముక్కులో గుచ్చుకుంటుందే, అదే. ఏడాది ఆగితే ఆ ఘాటు పోతుంది. ఇంకా ఆగితే ఎండుగడ్డి వాసన వస్తుంది, దాని వెనక పాత చింతపండు, ఇంకా వెనక ఎక్కడో బెల్లం. ముక్కు చెప్పింది నిజమా కాదా అని తర్వాత వేళ్ళను అడగాలి. మెల్లగా నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి రావాలి. కరకరమంటే ఎండిపోయింది, నొక్కిన చోటే ఉండిపోతే చెమ్మ పట్టింది. పైఆకు మీద పచ్చమచ్చ ఉంటే ఆకు సరిగా మాగలేదు. సూది బెజ్జాలు కనిపిస్తే లోపల పురుగు కాపురం పెట్టింది. కొందరు కొత్తదానికి పొగాకు కషాయం పూసి నల్లగా చేసి పాతదని అంటగడతారు, తడివేలితో రుద్దితే ఆ నలుపు వేలికి వచ్చేస్తుంది. తాత నవ్వడం నేను పెద్దగా చూడలేదు గానీ, నేను సరిగ్గా చెప్పినప్పుడు మీసం కింద నవ్వేవాడు. దీని ముక్కు వేటకుక్క ముక్కని మామతో అనేవాడు.

జీవితంలో ఒక్క దమ్ము కూడా పీల్చకుండా ఇంత చదువు చదువుకున్నదాన్ని నేనే అయ్యుంటాను. మొన్నీమధ్య అది ఒకసారి అక్కరకొచ్చింది కూడా. మా మనవడు ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వాడి పైఅధికారి సొంత దేశానికి వెళ్ళిపోతుంటే కానుకగా ఇద్దామని బెంగళూరులో ఖరీదైన విదేశీ చుట్టలు ఒక చెక్కపెట్టె కొనుక్కొచ్చాడు. పెట్టె మీద అచ్చేసిన ఏడాది చూపించి ఎంత పాతవో చూడు అవ్వా అన్నాడు. నేను ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గొర్రెల దొడ్డి. అది పెట్టె వయసు నాయనా, ఆకు వయసు కాదు అని చెప్పాను. వాడు మొహం వేలాడేసుకుని మార్చుకురావడానికి పోయాడు. నేను మాత్రం ఆ వాసన పట్టుకుని ఆ పాత చలికాలంలోకి పోయాను.

తాత పోయిన తర్వాత నాకు తమ్ముడు పుట్టాడు. వాడికి తాత పేరే పెట్టారు. అడుగులు వేసి పరుగులు నేర్చుకున్న వయసులో, ఆ చలికాలం వాడికి జలుబు చేసి జ్వరమొచ్చింది. పంట పోయిన ఏడు అది. మా నాయన ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దే చోట కూలికి పోయి ఉన్నాడు. ఇంట్లో మాట అవ్వది. జ్వరం తగ్గలేదు సరికదా, వాడు డొక్కలెగరేయడం మొదలుపెట్టాడు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడేది. నేను పక్కన కూర్చుని ఆ గుంటనే చూసేదాన్ని. అది పడి మళ్ళీ లేచేదాకా నా ఊపిరి కూడా ఆగిపోయేది.

సరిగ్గా అప్పుడే చుట్ట వాసన వచ్చింది. ఈసారి మూల నుంచి కాదు, తమ్ముడి పక్కలోంచే. మా అవ్వ గబగబా లెంపలు వేసుకుంది. పేరు పెట్టుకున్నారు గానీ నోటికి చుట్ట ఇవ్వలేదని ఆయన బిడ్డ మీదికి వచ్చి కూర్చున్నాడంది. హిందూపురం పెద్దాసుపత్రికి తీసుకుపోదామని అమ్మ ఒకసారి అంది. సూదులు మనుషుల రోగాలకు గానీ పెద్దల కోపానికి కాదని అవ్వ కసిరింది. అమ్మ మళ్ళీ అనలేదు, కానీ తమ్ముడి నుదుటి మీది నుంచి చెయ్యి తీయలేదు. ఆ సాయంత్రం అవ్వ ఊరి అంగట్లో చుట్ట తెప్పించి ఇటుక మీద పెట్టింది. మేమంతా దాని చుట్టూ కూర్చుని ఎర్రటి కొసను చూస్తూ ఉన్నాం. సగం కూడా కాలకముందే అది నల్లబడింది. తమ్ముడు చచ్చిపోతాడని నేను ఆ క్షణాన నమ్మాను. ఇంకెవరూ చెప్పనక్కరలేదు, చుట్ట చెప్పేసింది.

తెల్లవారి మొదటి బస్సుకే అవ్వ నన్ను తీసుకుని పెనుకొండకు బయలుదేరింది. నిజమైన పాత చుట్టను పట్టుకోవడానికి నా ముక్కు కావాలంది. దారంతా అవ్వ మొక్కుకుంటూనే ఉంది. దర్గా ముందు బస్సు దిగగానే అటు తిరిగి కూడా ఒక దండం పెట్టింది. ఆ రోజు ఆమె ఏ దేవుణ్ణీ వదిలిపెట్టే పరిస్థితిలో లేదు.

మామ నీడపట్టున కూర్చుని ఆకు ఈనెలు తీస్తున్నాడు. అవ్వ చెప్పిందంతా విన్నాడు. చుట్ట సంగతి పక్కన పెట్టి పిల్లవాడి సంగతి అడిగాడు. పాలు తాగుతున్నాడా, ఊపిరి తీస్తే డొక్క లోపలికి పోతోందా, ఏడుపు గట్టిగా ఉందా అని ఒక్కొక్కటే అడిగాడు. ఏడవడం కూడా మానేశాడని అవ్వ చెప్పినప్పుడు ఆయన చేతిలోని ఆకు కింద పెట్టేశాడు.

నాకప్పటికే వాసన తగిలింది. ఆయన వెనక గూట్లో మూతికి గుడ్డ కట్టిన చిన్న కుండ ఉంది. ఎండుగడ్డి, చింతపండు, ఎక్కడో అడుగున బెల్లం. అంత పాత వాసన నేను మా తాత దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు. నా ప్రాణం లేచొచ్చింది. దొరికింది, ఇంక తమ్ముడు బతుకుతాడు అనుకున్నాను. అప్పుడు మామ తల అడ్డంగా ఊపాడు.

"నా కాడ అంత పాతవి లేవత్తా. హిందూపురంలో ఒక అంగట్లో ఉండాయి. అయితే ఊరికే పోయి తెచ్చుకునేది కాదు. మామ పేరు పెట్టుకున్న పిల్లోన్ని ఎత్తుకోని పోవల్ల. వాని చెయ్యి తగిలిన చుట్టయితేనే మామ ముట్టేది."

నేను నోరు తెరిచాను. మామా, ఆ కుండలో అని మొదలుపెట్టానో లేదో, చెంబు నా చేతిలో పెట్టి నీళ్ళు తెమ్మని పంపేశాడు. నేను తిరిగొచ్చేసరికి ఆయన అంగడి తలుపులు దగ్గరికేసి, భుజాన తువ్వాలు వేసుకుని నిలబడి ఉన్నాడు. తనూ వస్తానన్నాడు. అవ్వ కళ్ళు తుడుచుకుంటూ ఆయనకు దండం పెట్టింది. ఇంత మంచివాడనుకున్న మనిషి, ఇంట్లో పెట్టుకుని లేదంటాడా? మా తమ్ముడు ఏం చేశాడు ఈయన్ను?

హిందూపురం బస్సు మా ఊరి మీదుగానే పోతుంది. ఊరి దగ్గర ఆగినప్పుడు మామ అవ్వనూ నన్నూ దిగొద్దని చెప్పి, డ్రైవరు దగ్గరకు పోయి ఏదో మాట్లాడి, కిందికి దూకి పరుగెత్తాడు. అంత పెద్దమనిషి లుంగీ ఎగ్గట్టి పరుగెత్తడం నేను అదే మొదటిసారి చూడటం. బస్సులో కొందరు గొణిగారు గానీ డ్రైవరు ఇంజను ఆపి కూర్చున్నాడు. కాసేపటికి మామ మా తాత కంబళిలో చుట్టిన తమ్ముణ్ణి గుండెకు హత్తుకుని వచ్చాడు. వెనక అమ్మ, జుట్టు ముడి కూడా వేసుకోకుండా. ఆమె ఎక్కి కూర్చుని మామ ముఖంలోకి ఒకసారి చూసింది. తమ్ముణ్ణి ఒళ్ళోకి తీసుకుంది.

బస్సు కదిలిన కాసేపటికి చుట్ట వాసన వచ్చింది. ఆ బస్సులో ఎవరూ ఏమీ తాగడం లేదు. నా ఒళ్ళు చల్లబడింది. తాత మాతో పాటు బస్సెక్కాడు, తమ్ముణ్ణి దారిలోనే తీసుకుపోతాడు అనుకున్నాను. భయం తట్టుకోలేక కళ్ళు గట్టిగా మూసుకున్నాను. కళ్ళు మూసుకునేసరికి, ఏం చెప్పను, మామ నేర్పిన ఆట దానంతట అదే మొదలైంది. ఏది కొత్తది, ఏది పాతది?

వాసన ఒకటి కాదు, రెండు. ఒకటి కాలిన పొగ వాసన, చాలా పాతది, ఉన్నిలో ఇంకిపోయింది. అది కంబళిది. తాత చలికాలమంతా ఆ కంబళి కప్పుకునే చుట్ట తాగేవాడు. ఆయన పోయాక దాన్ని పడమటింట్లో మూలనున్న పెట్టెలో పెట్టారు. చలి మొదలైతే పెట్టె తెరిచి తీసేవాళ్ళు, ఎండలు మొదలైతే మళ్ళీ అందులోనే. ఇన్నేళ్ళూ మమ్మల్ని చంపిన వాసన అదేనా? తమ్ముడికి చలి వేస్తోందని అమ్మే దాన్ని తీసి కప్పింది. ఇంత చిన్న సంగతి ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. తాత మీది భయం నాలో అక్కడికక్కడే సగం తగ్గిపోయింది.

రెండో వాసన కాలనిది. ఎండుగడ్డి, చింతపండు, బెల్లం. అది మామ నడుము దగ్గర నుంచి వస్తోంది. కుండలో చుట్ట ఆయన మొలలో చెక్కుకుని తెచ్చాడు. కళ్ళు తెరిచి ఆయన్ను చూశాను. తగ్గిన భయమంతా ఇప్పుడు ఆయన మీదికి మళ్ళింది. చుట్ట దగ్గరే పెట్టుకుని మమ్మల్ని ఎక్కడికి తీసుకుపోతున్నాడు? అవ్వకు ఒక్క మాట చెబితే చాలు. అవ్వ అది లాక్కుని బస్సు దిగేస్తుంది, ఇంటికి పోయి ముట్టిస్తుంది, అది చివరిదాకా కాలుతుంది. నేను అవ్వ కొంగు పట్టుకున్నాను కూడా. మామ అది చూశాడు. నా వైపు వంగి చాలా మెల్లగా అన్నాడు.

"పాపా, ఆ వాసన నీకూ నాకే తెల్సు. పిల్లోడు ఊపిరి బాగ తీసేదాకా అట్లే ఉండనీ."

ఆయన మాట నాకు అర్థమైందని చెప్పను. ఆయన కళ్ళలో భయం చూశాను, అంతే. పెద్దవాళ్ళు, అందులోనూ మగవాళ్ళు అట్లా భయపడతారని నాకప్పటిదాకా తెలియదు. ఆ భయం తాత కోసం కాదు, చుట్ట కోసం కాదు, మా అమ్మ ఒళ్ళో ఉన్నవాడి కోసం. నేను కొంగు వదిలేశాను.

హిందూపురంలో దిగగానే మామ అవ్వకు ఇంకో సంగతి చెప్పాడు. ఆ అంగడివాడికి జ్వరం బిడ్డ గడప తొక్కితే సరుకుకు పురుగు పడుతుందని భయమట, ముందు ఆసుపత్రిలో ఒక సూది వేయించి ఒళ్ళు చల్లబడ్డాక పోవాలట. అవ్వ వెంటనే ఒప్పుకుంది. భయంలో ఉన్నవాళ్ళకు ఎదుటివాడి భయం తొందరగా అర్థమవుతుంది. ముల్లును ముల్లుతోనే తీయాలంటారు, ఆ రోజు నేను అది కళ్ళారా చూశాను.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ తమ్ముడి చొక్కా ఎత్తి డొక్కల వైపు ఒకసారి చూసింది, అంతే, ఎవరితోనూ మాట్లాడకుండా వాణ్ణి తీసుకుని లోపలికి పోయింది. ఛాతీలో నిమ్ము బాగా ముదిరిందని, ఇంకొక్క పూట ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదని తర్వాత అమ్మకు చెప్పింది. సూది వేశారు, ముక్కుకు గొట్టం పెట్టారు. కొన్నాళ్ళు ఇక్కడే ఉండాలన్నారు. అమ్మ మంచం పట్టె పట్టుకుని నిలబడిపోయింది.

పొద్దు వాలుతుండగా అవ్వ లేచింది. గొట్టాలూ సీసాలూ చూసినకొద్దీ ఆమెకు బెదురు ఎక్కువైంది. సూది వేశారు కదా, ఇంక చుట్ట తీసుకుని ఇంటికి పోదాం, చీకటి పడేలోపు ముట్టించకపోతే ఆయన ఊరుకోడు అంది. మామ ఏవో సాకులు చెప్పాడు. అవ్వ వినలేదు. మంచం దగ్గరకు పోయి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి చేతులు చాపింది. అమ్మ అడ్డం పడలేక మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చింది. మామ దగ్గర సాకులు అయిపోయాయని ఆయన ముఖంలోనే తెలిసిపోతోంది.

నేను తమ్ముడి డొక్క చూశాను. పొద్దున ఎంత లోతు గుంట పడిందో నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు అంత పడడం లేదు. కొంచెమే, కానీ తగ్గింది. ఇప్పుడు వాణ్ణి ఇక్కడి నుంచి కదిలిస్తే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పింది విన్నాను. నాకు తాత కంటే, చుట్ట కంటే, ఆ క్షణాన మా అవ్వ చేతులంటే ఎక్కువ భయం వేసింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, నోట్లోంచి మాట వచ్చేసింది.

"అవ్వా, వాసన చూడు. తాత ఈడికే వచ్చినాడు."

అవ్వ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. మామ నా వైపు ఒకసారి చూసి, ఒక్కో అడుగే వేస్తూ మంచం తలాపు వైపుకు వచ్చి నిలబడ్డాడు, ఒక చెయ్యి నడుము దగ్గర పెట్టుకుని. ఆసుపత్రి మందుల వాసనలోంచి ఆ పాత ఆకు వాసన మెల్లగా బయటికొచ్చింది. అవ్వ ముక్కుకు అందింది. అది కాలిన వాసన కాదు, తాత బతికున్న రోజుల్లో కుండ మూత తీసినప్పటి వాసన. ఆమె ముఖం ఎట్లా మారిందో నేను మాటల్లో పెట్టలేను. ఇన్నేళ్ళలో ఆ వాసనకు ఆమె భయపడకపోవడం అదే మొదటిసారి.

"ఈడికి ఎందుకొచ్చినాడే?" అంది చిన్నపిల్ల గొంతుతో.

"తమ్మునికి కావలి ఉండేకి," అన్నాను.

అవ్వ అక్కడే మంచం కోళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. ఆ తర్వాత ఆమెను అక్కడి నుంచి కదిలించడం ఎవరి వల్లా కాలేదు. ఆయన ఉన్న చోటే బిడ్డ ఉండాలని పట్టుబట్టింది. సూది వేసే నర్సమ్మ ఆలస్యం చేస్తే తనే లేచిపోయి వెతుక్కొచ్చేది. చుట్ట ఏమైందప్పా అని మామను రోజూ అడిగేది, అంగడివాడు కుండ మూత తీసి గాలి పట్టిస్తున్నాడని ఆయన రోజూ చెప్పేవాడు. కబురందుకుని మా నాయన ధర్మవరం నుంచి వచ్చేసరికి తమ్ముడు లేచి కూర్చుని గొట్టాన్ని పీకే ప్రయత్నంలో ఉన్నాడు.

ఇంటికి పంపిన రోజు బస్టాండులో మామ గుడ్డలో చుట్టిన చుట్టను తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. వాడు దాన్ని నోట్లో పెట్టుకుని కొరకబోయాడు. ముసలాయన గుర్తుపట్టాడని అవ్వ బస్టాండు అని కూడా చూడకుండా భోరుమంది. ఆ సాయంత్రం ఇంట్లో ఇటుక మీద దాన్ని ముట్టించాం. కొస ఎర్రగా, తొందర లేకుండా వెనక్కి నడిచింది. సగం దాటింది. మా అవ్వ చేతులు జోడించే ఉంది. చివరికి ఇటుక మీద తెల్లటి బూడిద చుట్ట ఆకారంలోనే మిగిలింది. అవ్వ దాన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూసి, ఇంక అన్నం తిందాం పాండి అంది.

తర్వాతి సంతకు నేను మామ దగ్గరకు పోయి కూర్చున్నాను. ఆ కుండలోవి మా తాత చుట్టలేనని అప్పుడు చెప్పాడు. పోవడానికి ముందటేడు తాతే ఒక కట్ట ఎంచి ఆయన చేతికిచ్చి, కుండలో పెట్టి బాగా మాగనియ్యమన్నాడట. మా ఇంట్లో ఇటుక మీద చుట్ట పెట్టే సంగతి అవ్వ చెప్పేదాకా తనకు తెలియదన్నాడు. నాకు ఇంకా కోపం పోలేదు. తాతవే అయినప్పుడు మేము వచ్చి అడిగిన పొద్దునే ఇచ్చి ఉండొచ్చు కదా అని అడిగాను. ఆయన ఆకు చుడుతూనే చెప్పాడు.

"ఇచ్చింటే అది చివరిదాకా కాలుండేది పాపా. మీ అవ్వ నిమ్మళంగా బిడ్డను పక్కలో ఏసుకోని పండుకోనుండేది. నాకు అదే భయమాయ."

నాకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమైనప్పుడు ఆ మధ్యాహ్నపుటెండలో కూడా చలి పుట్టింది. మా ఇంట్లో అందరికంటే ఎక్కువగా ఆ చుట్ట కాలాలని కోరుకున్నది నేనే. కాలి ఉంటే అందరం ఏడుపు మానేసేవాళ్ళం. తెల్లవారేసరికి తమ్ముడు ఉండేవాడు కాదు.

మా అవ్వ బతికున్నన్నాళ్ళూ మనవణ్ణి బతికించింది ఆ చుట్టేనని చెప్పుకుంది. నేను కాదనలేదు. ఒకరకంగా నిజమే కదా, ఆమెను ఆ మంచం దగ్గర కూర్చోబెట్టింది అదే. మామ పోయి చాలా కాలమైంది. తమ్ముడికి ఇప్పుడు మనవళ్ళు. చుట్ట, బీడీ ఏదీ ముట్టడు, చిన్నప్పుడు కొరికింది చాలంటాడు.

తాత కంబళి నా దగ్గరే ఉంది. వేపాకు వేసి పెట్టెలో దాచుకున్నాను. పొగ వాసన ఎప్పుడో పోయింది. పోయిన చలికాలం మా మనవడి కూతురికి జలుబు చేసి ఒళ్ళు వెచ్చబడింది. ఇంట్లోవాళ్ళు ఫోనులో ఏదో చూసి, ఇది మామూలేనట అని నిమ్మళించి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. మామూలే అయ్యుండొచ్చు. నేను పెట్టె తెరిచి కంబళి తీశాను. కప్పబోయే ముందు పాప చొక్కా పైకెత్తి, డొక్క మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ఊపిరి చూశాను. బాగానే ఉంది. ఆ తర్వాతే కప్పాను.